విదేశం వెళ్లేవారు మైళ్ల ఖాతా ఎక్కడ తెరవాలి?

కావలిలో విదేశ ప్రయాణానికి సిద్ధమవుతున్న విద్యార్థులు, ఉద్యోగులు, వారి తల్లిదండ్రుల ఎదుట ఒంగోలుకు చెందిన టిక్కెట్ల ఏజెంటు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాము.

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న తల్లిదండ్రులకు, ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటున్న పిల్లలకు నమస్కారం. నాకంటే ముందు మాట్లాడినవారు వీసా గురించి, బ్యాంకు రుణాల గురించి వివరంగా చెప్పారు. వాటి పక్కన నాకు అప్పగించిన విషయం చిన్నదిగా కనబడుతుంది. విమాన సంస్థలు ప్రయాణికులకు ఇచ్చే మైళ్లు, ఆ మైళ్ల ఖాతా. ఇరవై రెండేళ్లుగా ఒంగోలులో టిక్కెట్లు రాస్తున్నాను, అంతకుముందు ఆరేళ్లు కువైట్‌లో పనిచేశాను. ఇన్నేళ్లలో నా బల్ల ముందు కూర్చున్న తండ్రులు టిక్కెట్టు ఎంత అని అడిగారు, పెట్టెలు ఎన్ని తీసుకుపోవచ్చు అని అడిగారు, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలి అని అడిగారు. మైళ్లు ఏ ఖాతాలో పడతాయి అని అడిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒక్క టిక్కెట్టుకు అది నిజంగా పెద్ద విషయం కాదు. కానీ అబ్బాయి వెళ్లేది ఒక్కసారితో ఆగుతుందా? రెండేళ్లకు సంక్రాంతికి వస్తాడు, చెల్లెలి పెళ్లికి వస్తాడు, తర్వాత పురుడు పోయడానికి మీరే ఆరు నెలలు వెళతారు. పదేళ్లలో ఒక ఇంటి నుంచి ఎన్ని టిక్కెట్లు కొంటారో ఇంటికి వెళ్లాక కాగితం మీద వేసి చూడండి.

ముందుగా ఇది ఎలా పుట్టిందో చెప్పి ముందుకు పోతాను. అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తొలగిపోయింది. సంస్థల మధ్య పోటీ పెరిగింది. వచ్చిన ప్రయాణికుడు పక్క సంస్థకు పోకుండా ఉండడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న అడ్వాంటేజ్ అనే పథకం మొదలుపెట్టింది, కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా దాని వెంట నడిచింది. ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు జమ, జమ అయిన మైళ్లతో ఉచిత టిక్కెట్టు. అప్పటి లెక్క అంత సులువు. ఇప్పటి లెక్క అంత సులువు కాదు కనుకనే నేను ఇక్కడ నిలబడ్డాను.

ఈ ఖాతాలో రెండు వేరు వేరు వస్తువులు ఉంటాయి, వీటిని కలిపేసుకోవద్దు. ఒకటి ఖర్చు పెట్టుకునే మైళ్లు. రెండోది హోదా, అంటే సిల్వర్, గోల్డ్ అని వారు పెట్టే పేర్లు. మైళ్లు బ్యాంకులో డబ్బు వంటివి, హోదా ఊళ్లో పరపతి వంటిది. డబ్బు ఖర్చు పెట్టకపోతే కొంతకాలం నిలుస్తుంది. పరపతి మాత్రం ఏటేటా మళ్లీ సంపాదించుకోవలసిందే, ఒక ఏడాది ప్రయాణాలు తగ్గితే అది దిగిపోతుంది. రెండేళ్లకు ఒకసారి ఇంటికి వచ్చే విద్యార్థికి హోదా గురించి ఆలోచన అక్కరలేదు. కంపెనీ పని మీద నెలనెలా తిరిగే ఉద్యోగికి అదే అసలు విషయం. మీరు ఈ ఇద్దరిలో ఎవరో ముందు తేల్చుకోండి.

ఇక కూటముల సంగతి, అంటే ఒకరి విమానం ఎక్కినవారికి మరొకరి ఖాతాలో మైళ్లు వేసుకోనిచ్చే విమాన సంస్థల జట్లు. 1997లో స్టార్ అలయన్స్, 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ ఏర్పడ్డాయి. మన చెన్నై విమానాశ్రయంలో కనబడే సంస్థల్లో ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ స్టార్ కూటమివి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్, శ్రీలంకన్, మలేసియా సంస్థలు వన్‌వరల్డ్‌వి. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు, విడివిడిగా కొన్ని సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నాయి. స్కైటీమ్ మన వైపు పలుచన. ఇప్పుడు చెప్పేది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఎక్కే విమానం ఒకరిది, మైళ్లు పడే ఖాతా మరొకరిది కావచ్చు. మళ్లీ చెబుతున్నాను, ఎక్కే విమానం ఒకరిది, ఖాతా మరొకరిది కావచ్చు. లుఫ్తాన్సాలో కూర్చుని వెళ్లినంత మాత్రాన లుఫ్తాన్సా ఖాతాయే తెరవాలని నియమం లేదు, అదే కూటమిలోని యునైటెడ్ ఖాతా నంబరు ఇవ్వవచ్చు, ఎయిర్ కెనడా ఖాతా నంబరు ఇవ్వవచ్చు. మనవారిలో చాలామంది మొదటి ప్రయాణంలో ఏ విమానం ఎక్కితే దాని ఖాతా తెరుస్తారు, రెండోసారి చవకగా దొరికిన ఇంకో విమానం ఎక్కి ఇంకో ఖాతా తెరుస్తారు. అయిదేళ్లకు అయిదు ఖాతాల్లో అయిదు గుప్పెళ్లు ఉంటాయి, ఒక్క గుప్పెడుతోనూ మన పక్కనున్న సంగం దాకా కూడా పోలేరు.

అయితే ఏ ఖాతా? నన్ను అడిగితే మీరు బయలుదేరే చెన్నైని చూడవద్దు, మీరు కాపురం పెట్టబోయే ఊరిని చూడండి. అక్కడి విమానాశ్రయం ఏ సంస్థకు గుండెకాయ? డల్లాస్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు సొంత ఊరు, అది వన్‌వరల్డ్‌లో ఉంది, ఖతార్ విమానం డల్లాస్ నుంచి దోహాకు, దోహా నుంచి చెన్నైకి తెచ్చి దించుతుంది. అంటే డల్లాస్ పోయే పిల్లవాడికి వన్‌వరల్డ్ ఖాతా ఊరిలోనూ పనికివస్తుంది, ఊరికి రావడానికీ పనికివస్తుంది. హ్యూస్టన్, షికాగో, నెవార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో పోయేవారికి యునైటెడ్ దగ్గర, కనుక స్టార్ కూటమి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా చెన్నై. టొరంటో అయితే ఎయిర్ కెనడా, అదీ స్టారే. లండన్ పోయేవారికి బ్రిటిష్ ఎయిర్‌వేస్ చెన్నైకి నేరుగా ఉంది. చిక్కు ఎక్కడంటే అట్లాంటా, డెట్రాయిట్, మినియాపొలిస్ వంటి ఊళ్లలో. అక్కడ రాజ్యం డెల్టాది, డెల్టా స్కైటీమ్‌లో ఉంది. అమెరికాలో తిరిగినప్పుడు డెల్టా మైళ్లు పోగవుతాయి, కానీ వాటితో చెన్నై రావడం తేలిక కాదు. అటువంటి ఊరికి పోయేవారు రెండు ఖాతాలు పెట్టుకోవడంలో తప్పులేదు, ఒకటి అక్కడి తిరుగుడుకు, ఒకటి ఇంటి దారికి. రెండే, అయిదు కాదు. సిడ్నీ, మెల్‌బోర్న్ పోయేవారికి సింగపూర్ ఎయిర్‌లైన్స్ దారి బాగుంటుంది. దుబాయ్‌లో ఉండేవారికి ఎమిరేట్స్ తప్ప వేరే ఆలోచన పెద్దగా ఉండదు, వారి గురించి ఇంతకంటే చెప్పను.

ఇప్పుడు కొంచెం లెక్క. వెనుక వరసలవారికి వినబడుతున్నదా? చెన్నై నుంచి దోహా మీదుగా డల్లాస్ సుమారు 10,000 మైళ్ల దూరం, రానూపోనూ 20,000. పూర్వం ఎగిరిన దూరమంతా ఖాతాలో పడేది. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో పద్ధతి మార్చి, దూరాన్ని కాకుండా టిక్కెట్టుకు పెట్టిన డబ్బును లెక్కకు తీసుకున్నాయి. ఎయిర్ ఇండియా కూడా 2024లో ఆ దారికే వచ్చింది. మాటవరసకు డాలరుకు 5 మైళ్లు అనుకుందాం, పన్నులు పోను ఛార్జీ 1,000 డాలర్లు అనుకుందాం. 20,000 మైళ్లు ఎగిరిన మనిషికి పడేది 5,000. అయితే భాగస్వామి సంస్థ టిక్కెట్టు మీద వెళితే చాలా పథకాలు ఇప్పటికీ దూరాన్నే చూస్తాయి, ఆ దూరంలో ఎంత శాతం ఇవ్వాలో టిక్కెట్టు తరగతి అక్షరాన్ని బట్టి నిర్ణయిస్తాయి. అదే ప్రయాణానికి 50 శాతం వస్తే 10,000 పడతాయి. సీటు అదే, కిటికీ అదే, పెట్టిన అన్నం అదే. విమానం నంబరు ముందు ఎవరి పేరున్నది, తరగతి అక్షరం ఏమిటి, ఖాతా ఎవరిది, ఈ మూడింటిని బట్టి లెక్క రెట్టింపు కావచ్చు, సున్నా కూడా కావచ్చు.

ఆ అక్షరం ఎక్కడుంటుందో చూపిస్తాను. ఇదిగో, ఇది నేనే రాసిన ఒక టిక్కెట్టు నకలు, పేరు కొట్టేశాను. ఇక్కడ విమానం నంబరు, పక్కన తేదీ, ఆ పక్కన ఒంటరిగా ఒక ఇంగ్లిషు అక్షరం. దాన్ని ఎవరూ చూడరు. అన్నీ ఎకానమీ సీట్లే అయినా లోపల పది పన్నెండు అక్షరాలు ఉంటాయి, ధర తగ్గేకొద్దీ అక్షరం మారుతుంది. బాగా చవక అక్షరానికి కొన్ని పథకాలు 25 శాతం ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. అదే అక్షరానికి అదే కూటమిలోని ఇంకో పథకం ఎక్కువ ఇవ్వవచ్చు. ప్రతి పథకం తన భాగస్వాముల పట్టికను వెబ్‌సైటులో పెడుతుంది, టిక్కెట్టు కొనేముందు పది నిమిషాలు ఆ పట్టిక ముందు కూర్చోండి. మీ ఏజెంటును అడగండి. విసుక్కుంటే ఏజెంటును మార్చండి, నేను కూడా ఏజెంటునే కనుక ఈ మాట అనే హక్కు నాకున్నది.

రెండోది గడువు. మనవారిని అన్నిటికంటే ఎక్కువగా ముంచేది ఇదే. యునైటెడ్, డెల్టా మైళ్లకు గడువు లేదు. అమెరికన్‌లో 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పోతాయి. ఎయిర్ కెనడా ఏరోప్లాన్‌లో, ఆస్ట్రేలియా క్వాంటాస్‌లో ఆ కాలం 18 నెలలు. ఇక్కడ కదలిక అంటే చిన్నదైనా సరిపోతుంది, నాలుగు మైళ్లు పడినా గడియారం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. సింగపూర్, ఎమిరేట్స్ పద్ధతి వేరు. అక్కడ మీరు కదిలినా కదలకపోయినా పడిన మైళ్లు మూడేళ్లకు పోతాయి. నేను కువైట్‌లో ఉన్న రోజుల్లో ఒక సంస్థలో, పేరు చెప్పను, ఏడాదికి ఒకసారి వస్తూ పోతూ మైళ్లు కూడబెట్టాను. ఆరో ఏట మా అమ్మను ఒక నెల అక్కడికి తీసుకుపోదామని ఖాతా తెరిచి చూస్తే, ఒక టిక్కెట్టుకు చాలినన్ని ఉండవలసిన చోట అరటిక్కెట్టుకు కూడా లేవు. మొదటి మూడేళ్లవి వెనుక నుంచి ఒక్కొక్కటే రాలిపోయాయి. నియమం వారు దాచలేదు, నేను చదవలేదు. కాబట్టి అరుదుగా ప్రయాణించే విద్యార్థికి గడువు లేని ఖాతా లేదా చిన్న కదలికతో బతికే ఖాతా మేలు. మూడేళ్ల గడువు ఉన్నది ఏటా రెండుసార్లు వచ్చేవారికి సరిపోతుంది.

అమెరికా పోయేవారికి మాత్రం ఇంకో మాట. అక్కడ మైళ్లు ఎక్కువగా పుట్టేది విమానంలో కాదు, క్రెడిట్ కార్డులో. యూరప్‌లో 2015 నుంచి వినియోగదారుల క్రెడిట్ కార్డుల మీద బ్యాంకుల మధ్య నడిచే రుసుముకు 0.3 శాతం పరిమితి పెట్టారు, అందువల్ల అక్కడి కార్డులు ఉదారంగా ఉండలేవు. అమెరికాలో క్రెడిట్ కార్డులకు ఆ పరిమితి లేదు, దుకాణదారు దగ్గర తీసుకున్నదానిలో కొంత మీకు మైళ్లుగా వస్తుంది. కనుక జర్మనీ పోయేవారు, టెక్సాస్ పోయేవారు ఒకే సలహా వినకూడదు. అయితే అమెరికాలో దిగిన రోజునే మంచి కార్డు రాదు. అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి, అప్పు తీర్చిన చరిత్ర కావాలి. మొదటి ఏడాది ఓపిక పట్టండి. కార్డు బాకీని నెల దాటించారంటే వడ్డీ ముందు మైళ్లు ఏ మూలకు? ఇక్కడి కార్డుల్లో పాయింట్లు మిగిలి ఉన్న ఉద్యోగులు ఒక పని చేయండి. మీరు విదేశంలో స్థిరపడితే ఇక్కడి మామూలు బ్యాంకు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ, అంటే ప్రవాసులకు ఇచ్చే ఖాతాగా మార్చుకోవాలి, అప్పుడు కార్డు సంగతి కూడా కదులుతుంది. ఆ గొడవ రాకముందే పాయింట్లను వాడుకోవడమో, మీరు ఎంచుకున్న విమాన ఖాతాలోకి మార్చుకునే వీలుంటే మార్చుకోవడమో చేయండి.

ఇప్పుడు మన జిల్లాల సమస్య ఒకటి చెప్పాలి. పేరు. ఇంటిపేరు ముందా వెనుకా అన్నది మనకు ఎప్పుడూ తగవే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఉన్న ఒక్క పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. నవ్వకండి, ఈ హాలులోనే కొందరికి ఉండి ఉంటుంది. అబ్బాయి మైళ్ల ఖాతా తెరిచేటప్పుడు ఇంట్లో పిలిచే పేరో, ఇంటిపేరు పొడి అక్షరంతోనో తెరుస్తాడు. టిక్కెట్టు పాస్‌పోర్టు ప్రకారం వస్తుంది. రెండూ కలవకపోతే కంప్యూటరు మైళ్లను జమ చేయదు. నా దగ్గరకు వచ్చిన ఒక ఇంటివారి మూడు ప్రయాణాల మైళ్లు ఇలాగే గాలిలో ఉండిపోయాయి, నాలుగు నెలలు ఉత్తరాలు రాస్తే రెండు ప్రయాణాలవి వచ్చాయి. ఖాతాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఆ వరుసలోనే, ఆ అక్షరాలతోనే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు ప్రయాణానికి ముందే పాస్‌పోర్టు సరిచేయించుకునే వ్యవధి ఉంటే చేయించుకోండి.

తల్లిదండ్రుల సంగతికి వస్తాను. టిక్కెట్టు డబ్బు కొడుకు కడతాడు కనుక మైళ్లు కొడుకు ఖాతాలో పడతాయని చాలామంది అనుకుంటారు. పడవు. ఎగిరిన మనిషికే మైళ్లు. అమ్మ ఎగిరితే అమ్మ ఖాతాలోనే పడాలి, అమ్మకు ఖాతా లేకపోతే ఎవరికీ పడవు. ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదు. కొన్ని సంస్థలు ఇంటిల్లిపాదివీ ఒకచోట కలుపుకోనిస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్, ఎయిర్ కెనడా వంటివాటిలో ఆ సౌకర్యం ఉంది, దేని షరతులు దానివి. కొన్నిచోట్ల అందరిదీ ఒకే చిరునామా అయి ఉండాలంటారు, మీరు కావలిలో, అబ్బాయి లండన్‌లో ఉంటే అది చిక్కు. జపాను సంస్థ ఏఎన్‌ఏలో అయితే తమాషాగా, కుటుంబ ఖాతా జపాను బయట నివసించేవారికే ఇస్తారు. ఖర్చు పెట్టేటప్పుడు కూడా తేడాలున్నాయి. కొడుకు మైళ్లతో తల్లికి టిక్కెట్టు తీయడం అమెరికా సంస్థల్లో తేలిక. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ముందుగా నమోదు చేసిన అయిదుగురికే తీయవచ్చు. ఉచిత టిక్కెట్టు అన్నంత మాత్రాన పూర్తిగా ఉచితం కాదు, పన్నులు కట్టాలి, పైగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్ వంటివి సంస్థ రుసుము అంటూ గట్టిగానే వేస్తాయి. యునైటెడ్, ఏరోప్లాన్ ఆ రుసుము వేయవు. తల్లిదండ్రులను పిలిపించుకోవడమే మీ ఉద్దేశమైతే మైళ్లు ఎన్ని పడతాయన్నదానికంటే ఇదే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

తరచూ తిరిగే ఉద్యోగులకు హోదా గురించి రెండు మాటలు. స్టార్ కూటమిలో గోల్డ్ హోదా ఉంటే పెట్టెల లెక్కన పోయే దారిలో ఒక పెట్టె ఎక్కువ, కిలోల లెక్కన పోయే దారిలో 20 కిలోలు ఎక్కువ. ఆవకాయ జాడీ, కారప్పొడులు, పెళ్లి చీరలు మోసుకుపోయే ఇంటికి ఒక పెట్టె ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు. అయితే ఒక విచిత్రం వినండి. యునైటెడ్ వారి గోల్డ్ ఉన్న మనిషి అమెరికా లోపలే తిరుగుతూ ఉంటే విమానాశ్రయంలోని యునైటెడ్ లాంజిలోకి, అంటే వారి విశ్రాంతి గదిలోకి, రానివ్వరు. అదే కూటమిలో ఇంకో దేశపు సంస్థ గోల్డ్ ఉన్నవాడిని అదే లాంజిలోకి రానిస్తారు. ఇంటి పెరట్లోని చెట్టు మందుకు పనికిరాదన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. కనుక అమెరికాలో ఉంటున్నంత మాత్రాన అమెరికా సంస్థ ఖాతాయే పెట్టుకోవాలని లేదు.

కూడబెట్టి కూడబెట్టి చూసుకుంటూ కూర్చోకండి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసింది, ఎయిర్ ఇండియా పాత ఫ్లయింగ్ రిటర్న్స్ పథకం పేరు ఇప్పుడు మహారాజా క్లబ్. పేర్లు మారతాయి, ఒక టిక్కెట్టుకు కావలసిన మైళ్లు పెరుగుతాయి, మనను అడిగి పెంచరు. ఒక టిక్కెట్టుకు చాలినన్ని కాగానే తీసేయండి.

బయలుదేరేముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఖాతా ముందే తెరిచి నంబరు టిక్కెట్టులో వేయించండి. చెన్నై కౌంటరులో చివరి నిమిషంలో చెప్పవచ్చు గానీ, కావలి నుంచి కారులో నాలుగైదు గంటలు కూర్చుని, తడ దగ్గర టీ తాగి, అర్ధరాత్రి మీనంబాకంలో దిగి, ఏడుస్తున్న అమ్మమ్మను ఓదారుస్తూ నిలబడ్డవాడికి ఆ నంబరు గుర్తుండదు. ఖాతాకు ఇక్కడి మొబైల్ నంబరు ఇచ్చి వెళ్లిపోతే, ఆర్నెల్లకు రీఛార్జి లేక ఆ నంబరు పోయాక ఓటీపీ ఎవరికి వస్తుంది? ఈమెయిల్ కూడా ఇవ్వండి, అక్కడ కొత్త నంబరు రాగానే మార్చండి. బోర్డింగ్ పాస్‌లు మైళ్లు పడేదాకా పారేయవద్దు. పడకపోతే వాటి నకలు పెట్టి తర్వాత అడగవచ్చు, చాలా సంస్థలు కొన్ని నెలల వ్యవధి ఇస్తాయి.

మూడో వరసలోని అమ్మగారు ఏదో అడుగుతున్నారు. పోయిన ఏడాది అమ్మాయి దగ్గరకు వెళ్లి వచ్చారట, ఖాతా లేదట, బోర్డింగ్ పాస్‌లు మాత్రం సీమంతం ఫోటోలతో పాటు కవరులో దాచారట. కొన్ని పథకాలు ఖాతా తెరవకముందు చేసిన ప్రయాణానికి కూడా ఇస్తాయమ్మా, కొన్ని ఇవ్వవు. ఏ సంస్థో, ఏ తేదీనో చూడకుండా నేను మాట ఇవ్వలేను. ఆ కవరు ఇప్పుడు సంచిలోనే ఉందంటున్నారు కదా, నేను కిందికి దిగి వస్తాను, చూద్దాం.